ఇన్ని జబ్బులు, ఒక్క మనిషి

ఆసుపత్రిలో తలుపులు వేరువేరుగా ఉంటాయి. గుండెకు ఒకటి, కిడ్నీకి ఒకటి, ఎముకలకు ఒకటి, నరాలకు ఇంకొకటి. వయసులో ఉన్నవాళ్ళకు ఈ ఏర్పాటు బాగానే సరిపోతుంది. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరికి పోతారు, కట్టు కట్టించుకుని వస్తారు, మళ్ళీ ఆ దారి పట్టాల్సిన పని ఉండదు. డెబ్భై దాటిన మనిషికి అట్లా కుదరదు. షుగరు ఎప్పుడో వచ్చి ఉంటుంది. దాని వెనకే బీపీ. ఆ రెండూ కలిసి కిడ్నీలను, గుండెను పట్టి ఉంటాయి. మోకాళ్ళు అరిగి ఉంటాయి. చూపు తగ్గుతుంది, వినికిడి తగ్గుతుంది, ఆకలి, నిద్ర కూడా తగ్గుతాయి. చివరికి ఏ తలుపు ముందు కూర్చోవాలో తెలియక వరండాలో ఏదో ఒక బల్ల మీద కూర్చుండిపోతారు.

మా నందికొట్కూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోయే బస్సుల్లో ఇట్లాంటి పెద్దవాళ్ళు ఎప్పుడూ కనిపిస్తారు. దూరం సుమారు 30 కిలోమీటర్లే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా ఊరు నంద్యాల జిల్లాలోకి పోయింది. 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా మా వాళ్ళకు జబ్బు చేస్తే కాళ్ళు కర్నూలు దారే పడతాయి. అక్కడ 1957 నుంచి వైద్య కళాశాల ఉంది. మూడు తరాల నమ్మకం అది. పొద్దున్నే లేచి రొట్టె మూటగట్టుకుని, కొడుకో కూతురో తోడు రాగా బస్సెక్కుతారు. చీటీ రాయించుకోవాలి, రక్తం ఇవ్వాలి, రిపోర్టు కోసం కూర్చోవాలి. ఒక్క తలుపు దాటేసరికి పొద్దు వాలుతుంది. రెండో జబ్బు కోసం ఇంకోసారి రావాలి. తోడు వచ్చినవాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది.

మా వైపు ముసలివాళ్ళ జబ్బుల వెనక వాళ్ళ బతుకు ఉంది. కె.సి. కాలువ కింద వరినాట్లకు వంగిన నడుములవి. నల్లరేగడిలో పత్తి ఏరిన వేళ్ళవి. కందికట్టె, పత్తికట్టె మంట పెట్టి నలభై యాభై ఏళ్ళు పొయ్యి ఊదిన ఊపిరితిత్తులవి. బీడీ ఎన్నడూ ముట్టని ఆడమనిషికి ఈ ఆయాసం ఎందుకొచ్చిందని చుట్టాలు ఆశ్చర్యపోతారు. పొయ్యిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ పొగ ఏళ్ళ తరబడి లోపలికి పోతే గాలి గొట్టాలు ఇరుకైపోతాయి. ఆ ఇరుకు మళ్ళీ సాఫు కాదు.

దేశంలో వృద్ధుల ఆరోగ్యం మీద జరిగిన అతిపెద్ద సర్వే 2017-18 నాటిది. నలభై అయిదేళ్ళు దాటిన 72 వేల మందికి పైగా మనుషులను అడిగి చూశారు. నివేదిక 2021 జనవరిలో వచ్చింది. పెద్దవాళ్ళలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాల జబ్బు ఉందని అందులో తేలింది. 40 శాతం మందికి ఏదో ఒక వైకల్యం, 20 శాతం మందికి మనసుకు సంబంధించిన ఇబ్బంది ఉన్నాయి. చదువుతుంటే ఇవి మూడు వేరు గుంపుల లెక్కల్లా కనిపిస్తాయి. మా వీధిలో చూస్తే మూడూ ఒకే మంచం మీద ఉంటాయి.

జబ్బులు ఎక్కువైతే బాధ ఎక్కువవుతుందని అందరికీ తెలుసు. ఒక జబ్బుకు వేసిన మందు ఇంకో జబ్బును రెచ్చగొడుతుందన్న సంగతే ఇళ్ళలో తెలియదు. గుండె బలహీనపడి కాళ్ళకు నీరు దిగితే, ఆ నీరు మూత్రంలో పోయేందుకు మాత్ర ఇస్తారు. మంచి మాత్రే. దానివల్ల రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంది. మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది, చూపు ఆనదు, చీకట్లో కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ నొప్పికి వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. ఆ సూది నొప్పిని కాసేపు ఆపుతుంది, కానీ అసలే అలసిపోయిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది, బీపీ పెంచుతుంది, ఒంట్లో నీరు నిలిచేట్టు చేస్తుంది. కాళ్ళ వాపు మళ్ళీ మొదటికొస్తుంది. ఆయాసానికి స్టెరాయిడ్ ఇస్తే షుగరు ఎగబాకుతుంది. షుగరు తగ్గించే మాత్ర వేసుకుని, ఆకలి లేక బువ్వ తినకపోతే షుగరు మరీ పడిపోయి మనిషి తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పుతారు. ఉప్పు మానమంటారు, అన్నం తగ్గించమంటారు, పండ్లు కొన్ని వద్దంటారు. అన్నీ పాటిస్తే తినడానికి ఏమీ మిగలదు. ఎవరి మాత్ర వాళ్ళు సరిగ్గానే రాశారు. అన్నీ కలిసి ఒకే కడుపులో పడతాయని ఆలోచించే మనిషే లేరు.

మా వీధిలో ఒక అవ్వ ఉండేది. షుగరు, కిడ్నీ, గుండె మూడూ చెడ్డాయి. ఇంట్లో వాళ్ళు బాగానే చూసుకునేవాళ్ళు. ఆ మాట చెప్పాలి. వేళకు మాత్రలు ఇచ్చేవాళ్ళు, ఉప్పు లేని కూర వండిపెట్టేవాళ్ళు. ఆమె మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. పలకరిస్తే ఒకటే మాట: "నాయనా, ఇన్ని మాత్రలు మింగినాక బువ్వకు చోటు యాడుంటాది?" చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ షుగరు ఎంతుంది, బీపీ ఎంతుంది అని అడిగేవాళ్ళు. ఆ అంకెలు కొడుకు కంఠస్థంగా చెప్పేవాడు. ఒకసారి ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "అవ్వా, ఇవన్నీ పక్కన పెట్టు. నిన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఏది?" అని. అవ్వ ఆలోచించకుండా చెప్పింది: రాత్రిపూట అరికాళ్ళలో మంటలు. నిప్పుల మీద నడిచినట్టు ఉంటుందట. రెండేళ్ళుగా సరిగ్గా నిద్రే లేదట. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. పెద్దవాళ్ళు చాలామంది అంతే. నొప్పి వయసుతో పాటు వచ్చేదేనని, చెప్పుకుంటే పిల్లలకు భారమని ఊరుకుంటారు.

షుగరు వల్ల దెబ్బతిన్న నరాల మంట అది. దానికి మందు ఉంది. కిడ్నీ చెడినవాళ్ళకు మోతాదు తగ్గించి ఇవ్వాలి. డాక్టరమ్మ ఆ మందు చిన్న మోతాదులో మొదలుపెట్టి, ఎప్పుడో పదేళ్ళ తర్వాత రాబోయే ముప్పు కోసం వేస్తున్న మాత్రలు కొన్ని తీసేసింది. షుగరు మరీ గట్టిగా అదుపులో ఉండాల్సిన పని లేదంది. రొట్టెలోకి కొంచెం ఊరుబిండి పెట్టమంది. అవ్వకు జబ్బులు ఏవీ నయం కాలేదు. కిడ్నీ అట్లాగే ఉంది, గుండె అట్లాగే ఉంది. కానీ ఆమె నిద్రపోయింది. పొద్దున్నే అరుగు మీదికి వచ్చి కూర్చుని, పోయేవాళ్ళను వచ్చేవాళ్ళను పేరుపెట్టి పిలిచింది. కొన్ని నెలల తర్వాత ఇంట్లోనే, మనవరాళ్ళ మధ్య పోయింది.

ఆ డాక్టరమ్మ చేసిన పనినే ఉపశమన వైద్యం అంటారు. పాలియేటివ్ కేర్ అన్నా అదే. ఆ మాట వినగానే క్యాన్సరు, చివరి రోజులు, చేయి ఎత్తేయడం గుర్తుకొస్తాయి మనకు. లెక్కలు చూస్తే అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవ అవసరం. అవసరమైన వయోజనుల్లో క్యాన్సరు ఉన్నవాళ్ళు 34 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులవాళ్ళు అంతకంటే ఎక్కువ, 38.5 శాతం. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బులవాళ్ళు 10.3 శాతం. షుగరువాళ్ళు 4.6 శాతం. అంటే మా వీధుల్లో అరుగుల మీద కూర్చున్న అవ్వలు, తాతలే. అవసరమైన ప్రతి వందమందిలో ఈ సేవ అందుతున్నది 14 మందికి.

ఈ ఆలోచనకు దారి వేసిన మనిషి లండన్‌లోని సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు, తర్వాత రోగుల కుటుంబాల బాగోగులు చూసే సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, మనసు నొప్పి, ఇంటి బాధ్యతల నొప్పి, దేవుడు నాకే ఎందుకిట్లా చేశాడన్న నొప్పి అన్నీ కలిసే ఉంటాయని ఆమె చెప్పారు. మూడు ఉద్యోగాలు చేసిన మనిషి కాబట్టే మూడు వైపుల నుంచి చూడగలిగారని నాకు అనిపిస్తుంది. పడకలో ఉన్న మా ఊరి రైతుకు నడుము నొప్పితో పాటు, బ్యాంకులో బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు గుర్తుకొస్తుంది. ఆ నొప్పికి మాత్ర ఉండదు. వినే మనిషి ఉంటే కొంత తగ్గుతుంది.

ఈ వైద్యం పెద్దవాళ్ళకు ఆలస్యంగా అందడానికి ఒక కారణం ఉంది. క్యాన్సరు ముదిరితే దారి కనిపిస్తుంది. కొన్ని వారాల్లో మనిషి దిగజారిపోతారు, ఇంట్లో వాళ్ళకూ అర్థమవుతుంది. గుండె, ఊపిరితిత్తులు చెడితే అట్లా ఉండదు. ఒకరోజు ఆయాసం ఎక్కువై 108 అంబులెన్సులో కర్నూలుకు పోతారు, ఇక లేరనుకుంటారు, వారానికి నడిచి తిరిగొస్తారు. మళ్ళీ కొన్నాళ్ళకు అదే. ప్రతిసారీ లేచి వచ్చారు కాబట్టి ఈసారీ వస్తారనుకుంటాం. ముదిమి వల్ల బలం తగ్గేవాళ్ళది ఇంకో దారి. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కరిగిపోతారు. ఏ రోజునా "ఇక నయం చేయడం కంటే సుఖంగా ఉంచడం ముఖ్యం" అని చెప్పే ఘడియ రాదు. అందుకే ఈ వైద్యంలో పనిచేసే డాక్టర్లు తమను తాము ఒక ప్రశ్న వేసుకుంటారు: ఈ మనిషి వచ్చే ఏడాదికి లేకపోతే నేను ఆశ్చర్యపోతానా? పోను అన్న జవాబు వస్తే అప్పటి నుంచే, మిగతా వైద్యం ఆపకుండానే, నొప్పి, ఆయాసం, నిద్ర, భయం చూడటం మొదలుపెడతారు.

ఇంకో పెద్దాయన గురించి చెప్పాలి. ఆయనది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన పల్లె. 1980ల మొదట్లో కృష్ణ, తుంగభద్రల ఒడ్డునున్న ఊళ్ళు ఒకటి వెంట ఒకటి ఖాళీ అయినప్పుడు, దూలాలు, తలుపులు బండ్ల మీద వేసుకుని ఇటువైపు వచ్చినవాళ్ళలో ఆయనొకడు. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్ళలోంచి బయటపడినప్పుడు ఆ మనుషులు ఇప్పటికీ పోయి చూసి వస్తారు. ఈ పెద్దాయనకు పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. గుండె జబ్బు ఉంది, ప్రోస్టేటు వల్ల మూత్రానికి గొట్టం ఉంది, వీపున పుండు లేచింది. జ్వరం వచ్చినప్పుడల్లా ఆసుపత్రిలో చేర్చాలని కొడుకు, వద్దని ఆయన. ఒకరోజు కొడుకుతో అన్నాడట: "ఒకసారి ఇల్లు ఇడిసి వచ్చినాం. ఇంగ ఇడిసేది లేదు. నన్ను ఈడనే ఉండనీ."

ఈ మాటకు వైద్య పుస్తకంలో జవాబు దొరకదు. జ్వరం తగ్గించడానికి ఆసుపత్రి మేలే కావచ్చు. కానీ నీళ్ళు వచ్చి ఊరు మునిగిపోతుంటే బతుకంతా వదిలి బయటికి నడిచిన మనిషికి, ఐసీయూ తలుపు వెనక ఒంటరిగా పోవడం ఎట్లా ఉంటుందో మనం ఊహించలేం. ఆయన జబ్బుల జాబితాలో ముంపు లేదు. నా దృష్టిలో అది కూడా రాసి ఉండాల్సింది. వైద్యం గురించి రోగి ముందుగానే చెప్పిపెట్టుకున్న కోరికకు చట్టంలో చోటుందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. ఆ పద్ధతిని 2023 జనవరిలో సులువు చేసింది. మా ఊళ్ళో కాగితం రాసేవాళ్ళు తక్కువ. చెప్పిన మాటను గుర్తుపెట్టుకునే కొడుకు ఉంటే అదే కాగితం.

ఇంట్లోనే ఉండాలంటే ఇంటికి వచ్చేవాళ్ళు కావాలి. కేరళలో అది జరిగింది. 1993లో కోళికోడ్ వైద్య కళాశాల ఆవరణలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన పని, ఊరివాళ్ళే వాలంటీర్లుగా చేరడంతో వీధివీధికీ పాకింది. 2008లో అక్కడి ప్రభుత్వం దీని కోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. పంచాయతీలు నర్సులను ఇళ్ళకు పంపుతాయి. వాలంటీరు పుండు కడగడం నేర్చుకుంటాడు, బియ్యం లేని ఇంటికి బియ్యం చూస్తాడు. మన భాష మాట్లాడే చోట చూస్తే, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలత్ ఈ పనికి పునాది వేశారు. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో ఆ తర్వాత ఉపశమన వార్డులు వచ్చాయి. 'ఆలన' పేరుతో వాహనాల్లో బృందాలు ఇళ్ళకు వెళ్తున్నాయి. తుంగభద్ర దాటితే అవతల ఉన్నది తెలంగాణే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కాదని అనడానికి కారణం నాకు కనిపించదు.

నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ అనే నొప్పి మందు సంగతి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. మందుల కోసం చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సుతో పండిస్తారు. అయినా మన రోగికి మార్ఫిన్ సులువుగా దొరకదు. 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత ఒక్కో లైసెన్సు కోసం ఆసుపత్రులు ఎన్నో కార్యాలయాల చుట్టూ తిరగాల్సి రావడంతో మార్ఫిన్ వాడకం పడిపోయింది. డాక్టర్లు ఒక తరమంతా ఆ మందు రాయడమే మరిచారు. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. తీవ్రమైన నొప్పికే కాదు, ఏ మందుకూ లొంగని ఆయాసానికి కూడా చిన్న మోతాదులో మార్ఫిన్ ఉపయోగపడుతుంది. కిడ్నీ చెడినవాళ్ళకు జాగ్రత్తగా, ఇంకా తక్కువగా ఇవ్వాలి. మలబద్ధకం రాకుండా విరేచనానికి మందు తోడు ఇవ్వాలి. ఇదంతా నేర్చుకోదగ్గ విద్యే. కొన్ని ఉపాయాలకైతే ఖర్చే లేదు. ఆయాసపడే మనిషి ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలితే ఊపిరి తేలికపడుతుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే చాలా పుండ్లు రానే రావు.

ఆ తిప్పే చేతులు ఎవరివి? ఎక్కువ ఇళ్ళలో కోడలివి, లేదా తానూ డెబ్భై దాటిన భార్యవి. కొడుకులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. డబ్బు పంపుతారు, ఫోన్లో ఏడుస్తారు. ఇక్కడ ఉన్న ఆడమనిషి కూలికి పోవడం మానేస్తుంది, పెళ్ళిళ్ళకు పోవడం మానేస్తుంది, తన మోకాలి నొప్పి చూపించుకోవడం మానేస్తుంది. కొన్నేళ్ళకు ఆమె కూడా నాలుగు జబ్బుల మనిషి అవుతుంది. ఉపశమన వైద్యం తెలిసినవాళ్ళు ఇంటికొస్తే రోగిని చూసి, తర్వాత ఆమెను కూడా కూర్చోబెట్టి "నువ్వు ఎట్లున్నావమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న విని కళ్ళనీళ్ళు పెట్టుకోని ఆడమనిషి తక్కువ.

మన రాష్ట్రంలో ఏమీ లేదని అనను. జాతీయ ఉపశమన వైద్య కార్యక్రమం 2012 నుంచి ఉంది. గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన సేవల్లో వృద్ధుల సేవ, ఉపశమన సేవ చేరాయి. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో ఊరికి వచ్చి, మంచం పట్టినవాళ్ళను ఇంట్లోనే చూడాలన్నారు. వృద్ధాప్య పింఛను 2024లో 4,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికి పరిమితమైన పక్షవాత రోగులకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బు విలువ పడకలో మనిషి ఉన్న ఇంటికి తెలుసు. బండి ఉంది, ఆశా కార్యకర్త ఉంది, పింఛను ఉంది. ఇంటికి వచ్చిన డాక్టరుకు నొప్పి కొలవడం, మందులు తగ్గించడం, మార్ఫిన్ రాయడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి అడగాల్సింది పెద్ద భవనం కాదు. నందికొట్కూరు ప్రభుత్వాసుపత్రికి ఈ విద్యలో శిక్షణ పొందిన ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, నిల్వ ఉన్న మార్ఫిన్ మాత్రలు, పగిడ్యాల, మిడుతూరు, జూపాడు బంగ్లా, కొత్తపల్లి వైపు పల్లెలకు వారంలో కొన్ని రోజులు కదిలే ఒక బండి కావాలి. ఎమ్మెల్యే మీ వీధికి వచ్చినప్పుడు రోడ్డుతో పాటు ఇది కూడా అడగండి. అది వచ్చేదాకా ఇంట్లో మనం చేయగలిగింది కొంత ఉంది. ఈసారి పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు అన్ని చోట్లా రాసిన మందులూ కలిపి తీసుకుపోండి. వీటిలో ఏవి ఇక అక్కర్లేదో, ఏవి ఒకదానికొకటి పడవో చెప్పమని అడగండి. మీ అంతట మీరు ఏదీ మానిపించకండి. బయలుదేరే ముందు అవ్వనో తాతనో కూర్చోబెట్టుకుని, నిన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఏదని అడగండి. వాళ్ళు ఏం చెబితే డాక్టరుకు ముందు అదే చెప్పండి.